టోకు కొట్లో కట్టిచ్చే వరద కిట్టు: కొనేవాళ్లకా, మునిగినవాళ్లకా?

గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది పడ్డ పూటే రావులపాలెం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు టోకు కిరాణా కొట్లలో వరద కిట్లు కట్టడం మొదలవుతుంది. బియ్యం, పప్పు, నూనె, సబ్బులు ఒకే సంచిలో వేసి, మూతి బిగించి, కొట్టు అరుగు మీద వందల్లో పేరుస్తారు. యువజన సంఘాలు, కులసంఘాలు, అభిమాన సంఘాలు, పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు, అమెరికాలో స్థిరపడ్డ ఊరివాళ్లు, అందరూ కొనేది ఇవే. ఫోన్లో ఎన్ని కావాలో చెప్పి డబ్బు కొడితే చాలు, కళాసీలు ట్రక్కాటోలోకి ఎత్తేస్తారు. ఈ సమీక్ష ఏ ఒక్క కొట్టు గురించీ కాదు. కొట్టు మారితే నాలుగైదు సరుకులు మారతాయి గానీ పద్ధతి అంతటా ఒకటే.

తీర్పు ముందే చెప్పేస్తాం. వేగానికి అయిదుకు అయిదు. సరుకుల ఎంపికకు అయిదుకు రెండు, అదీ కాస్త ఉదారంగా. ఇందులో కొట్టువాళ్ల మోసమేమీ లేదు. వాళ్లు తమ ఖాతాదారుణ్ని బాగా చదువుకున్నారు, అంతే. ఈ కిట్టు కొనేవాడు మునిగినవాడు కాదు, మునగనివాడు. చూడగానే అతని మనసు నిండాలి, ఫొటోలో నిండుగా కనబడాలి, చేతికి బరువు తగలాలి. సంచి ఆ లెక్క ప్రకారమే నిండుతోంది. అందుకే గల్లా దగ్గర వినబడే మొదటి ప్రశ్న "ఎంతలో కావాలండి?" అనే. "ఏ లంకకండి? నీళ్లొచ్చి ఎన్నో రోజండి?" అని అడిగే కొట్టు దొరికితే ధర పది రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి. లంకంటే గోదారి పాయల మధ్య దీవిలా ఉన్న ఊరు.

కిట్లు మామూలుగా మూడు ధరల్లో ఉంటాయి: అయిదొందల చుట్టూ ఒకటి, ఎనిమిదొందల చుట్టూ ఒకటి, పన్నెండొందల చుట్టూ ఇంకొకటి. ఎక్కువగా పోయేది నడిమిది. దాని సంచి విప్పితే ఇంచుమించు ఇవి ఉంటాయి: బియ్యం 5 కిలోలు, కందిపప్పు కిలో, పామాయిలు లీటరు ప్యాకెట్టు, ఉప్పు కిలో, చింతపండు పావుకిలో, పంచదార అరకిలో, కారం 200 గ్రాములు, పసుపు, టీపొడి చిన్న పొట్లాలు, ఒంటి సబ్బులు రెండు, బట్టల సబ్బులు రెండు, కొవ్వొత్తుల ప్యాకెట్టు, అగ్గిపెట్టె ఒకటి, బిస్కెట్లు. మొత్తం తొమ్మిది, పది కిలోలు తూగుతుంది. ఆ బరువు మాత్రం సరైనదే. మోకాలిలోతు నీళ్లలో ఒక ఆడమనిషి తల మీద పెట్టుకుని నడవగలిగేది అంతే. పన్నెండొందల కిట్టులో బియ్యం పది కిలోలు చేసి బరువు పదిహేను దాటిస్తారు. రేవులో దించాక దాన్ని మోయడానికి మరో మనిషి కావాలి, ఆ మనిషి ఆ పూట దొరకడు.

బియ్యంతో మొదలుపెడదాం. దానమంటే మన చేతికి మొదట తగిలేది బియ్యమే. కానీ పెద్ద వరద వస్తే సర్కారు కూడా మొదట ఇచ్చేది బియ్యమే. 2022 జులై వరదకు కుటుంబానికి 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు పామాయిలు, కిలో ఉల్లిపాయలు, కిలో బంగాళాదుంపలు, 2,000 రూపాయలు ప్రకటించారు. దాని మీద దాతల బియ్యం పడితే ఇంట్లో ముప్పై కిలోలు పేరుకుంటుంది, వండుకోవడానికి పొయ్యి ఉండదు. గ్యాసు బండ నీళ్లలో తేలిపోతుంది, కట్టెలు నానిపోతాయి, మేడ ఉన్నవాళ్ల ఇంట్లో పది కుటుంబాలు సర్దుకుని ఉంటాయి. ఆ ఒక్క స్టవ్వు మీద కందిపప్పు ఉడకాలంటే కుక్కరు లేకపోతే గంట పడుతుంది. అదే పెసరపప్పయితే ఇరవై నిమిషాలు. కిట్టు కట్టించేటప్పుడు "కంది తీసేసి పెసర వెయ్యండి" అంటే కొట్లో ఎవరూ కాదనరు. ధరలో తేడా స్వల్పం, గ్యాసులో తేడా మూడింతలు. అయినా ఈ మార్పు అడిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే కందిపప్పు గౌరవమైన పప్పు అని మనకో నమ్మకం.

మొదటి మూడు రోజులకు పొయ్యి అక్కర్లేని కిట్టు వేరే ఉండాలి. అటుకులు కిలో, మరమరాలు, పుట్నాలపప్పు అరకిలో, బెల్లం అరకిలో, వేరుసెనగ చెక్కలు, రస్కులు, అరడజను ఓఆర్‌ఎస్ పొట్లాలు. బ్రెడ్డు వద్దు. జడివానలో ఆ తేమకు రెండో రోజే బూజు పడుతుంది. ఓఆర్‌ఎస్ అంటే లీటరు నీళ్లలో కలిపే పొడి పొట్లమే తీసుకోవాలి, స్ట్రా గుచ్చి తాగే తియ్యటి పానీయాల డబ్బాలు కాదు. ఒక సంగతి చాలామంది దాతలకు తెలియదు: పసిపిల్లల పాలడబ్బాలు, పాలసీసాలు ఇలా పంచడం 1992 నాటి చట్టం ప్రకారం కుదరదు. చట్టం సంగతి అటుంచినా, వరదనీళ్లతో కడిగిన సీసాతో పాలు పట్టడమంటే విరేచనాలను చేజేతులా తెచ్చిపెట్టడమే. పసిబిడ్డ తల్లికి తిండి, మంచినీళ్లు అందేలా చూడండి.

పై జాబితాలో నీళ్లు లేవు. పెట్టే కొట్లన్నీ ఒకే తప్పు చేస్తాయి. కిట్టులో లీటరు సీసాలు రెండు పెట్టి సరిపెడతాయి. తాగడానికీ వంటకీ, స్నానం, కడుగుడుకీ అన్నీ కలిపి మనిషికి రోజుకు కనీసం పదిహేను లీటర్లు కావాలని సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణం చెబుతుంది. నలుగురున్న ఇంట్లో రెండు సీసాలు ఒక పూటకే అయిపోతాయి. 20 లీటర్ల టిన్ను నయం. నీళ్లయిపోయినా టిన్ను పాత్రగా మిగులుతుంది. దానితోపాటు క్లోరిన్ మాత్రలు: 67 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి 20 లీటర్ల తేటనీటికి వేసి 30 నిమిషాలు ఆగాలి. ఇక్కడొక మెలిక ఉంది. గోదారి ఎర్రనీళ్లలో మాత్ర నేరుగా వేస్తే ఆ మట్టే క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు పటికముక్క తిప్పి, మన్ను అడుగున పేరుకున్నాక పైనీళ్లు రెండు మడతల గుడ్డలో వడకట్టి, అప్పుడు మాత్ర వేయాలి. అందుకని మాత్రల పట్టీ, వంద గ్రాముల పటిక, గజం తెల్లగుడ్డ మూడూ ఒక కవరులో పెట్టి, వాడే పద్ధతి తెలుగులో నాలుగు ముక్కలు రాసి పెట్టాలి. మాత్రలు మందుల షాపులో దొరుకుతాయి, కిరాణా కొట్లో ఉండవు కాబట్టి కిట్టులో కనబడవు. కొట్టువాళ్లకు మాత్రలు మీరే తెచ్చిస్తే కట్టించేస్తారు.

ఇక కట్టే తీరు. పని వేగంగా జరుగుతుందని మార్కులు వేశాం గానీ, సంచి విషయంలో జాగ్రత్త తక్కువ. పల్చటి చేతిపిడి కవరు అయితే పడవ మీంచి గట్టుకు విసిరినప్పుడు పిడి దగ్గరే తెగుతుంది. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న నేత సంచి అడగాలి. దాని మూతి పురికొసతో కాకుండా ప్లాస్టిక్ ట్యాగుతో బిగిస్తే నీళ్లలో పడ్డా కాసేపు తేలుతుంది. లోపల నూనె ప్యాకెట్టే అసలు దొంగ. పైన ఇంకో పది సంచులు పేర్చగానే మూలన పగిలి ఉప్పునీ, పంచదారనీ, బిస్కెట్లనీ ఒకటి చేస్తుంది. దానికి విడిగా ముడివేసిన కవరు తప్పనిసరి, లేదా వంద మిల్లీలీటర్లు తగ్గినా సీసాలో తీసుకోవడం. ఉప్పు తేమ లాగుతుంది కాబట్టి రెండు కవర్లు వేయాలి. అగ్గిపెట్టె ఎలాగూ చెమ్మగిల్లుతుంది, లైటరు వేయించండి. కొవ్వొత్తుల కన్నా చిన్న టార్చి నయం. టార్పాలిన్ కింద కొవ్వొత్తి ప్రమాదం, పైగా వరదతో పాములొచ్చిన చోట నేల మీద వెలుగు పడాలి. దోమల చుట్టల పొగ గట్టు మీద డేరాలో గాలికి పోతుంది. ఇద్దరు పడుకునే దోమతెర ఖరీదెక్కువే గానీ ఏళ్ల తరబడి ఉంటుంది. శానిటరీ ప్యాడ్లు మగవాళ్లు కొనే కిట్లలో దాదాపుగా కనబడవు. పెద్ద సైజు ప్యాకెట్టు ఒకటి, నల్ల కవర్లు నాలుగు, ఒక నైటీ, ఒక లంగా. వీటికి రెండొందల యాభై అవుతుంది. బియ్యంలో రెండు కిలోలు, పంచదార మొత్తం తీసేస్తే సగం డబ్బు అక్కడే మిగులుతుంది.

సరుకు దించుకునే ముందు ప్రతి ఇరవై సంచుల్లో ఒకటి విప్పి చూడాలి. బియ్యం కాటా వేయాలి. 5 కిలోలన్నది నాలుగూ ముప్పావు తూగడం కొత్త కాదు. ముక్కవాసన ఉందా, నూనె గడువు ఎప్పటిదాకా, బిస్కెట్లు గత సీజన్‌వా అని చూడాలి. వరద ఆర్డరంటే పాత సరుకు వదిలించుకునే వేళ అని అనుకునే కొట్లు లేకపోలేదు. బిల్లు తప్పకుండా తీసుకోండి. అది సంఘం లెక్కలకు, చందా ఇచ్చినవాళ్లకు చూపించడానికి. ఆదాయపు పన్నులో 80జి అని జనం పిలుచుకునే మినహాయింపు వస్తువుల దానానికి వర్తించదు. అది కావాలంటే ముఖ్యమంత్రి సహాయ నిధి వంటివాటికి డబ్బు రూపంలోనే ఇవ్వాలి. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు, ఆపైన బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపాలి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అదీ లేదు. పన్ను కలిసొస్తుందని వరదసాయం చేసేవాళ్లు లంకల్లో అరుదులెండి. మరి ఎందుకు చేస్తారన్నదే ఈ కిట్టును ఇలా తయారుచేసిన ప్రశ్న.

ఇచ్చేవాడికి ఇచ్చిన క్షణంలో గుండెల్లో ఒక వెచ్చదనం కలుగుతుందని, దానం వెనక అదీ ఒక బలమైన కారణమని జేమ్స్ ఆండ్రియోని అనే ఆర్థికవేత్త 1990 ప్రాంతంలో సిద్ధాంతీకరించాడు. పుణ్యం అన్న మాట తెలిసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. అన్నం పెట్టే చేతికి అపర అన్నపూర్ణ అని పేరొచ్చిన డొక్కా సీతమ్మ గారి లంకల గన్నవరం ఈ లంకల మధ్యే ఉంది. అందుకేనేమో ఇక్కడ వరదంటే మొదట లేచేది పులిహోర గుండిగ. దానికి వంక పెట్టడం లేదు, మొదటి రెండు రోజులు వండిన తిండిని మించింది లేదు. పద్ధతి తెలియాలి. అన్నం పలుకుగా వార్చి, గుడ్డ మీద పరిచి, పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడిగా పొట్లం కడితే ఆవిరి నీరై అడుగున చేరి మధ్యాహ్నానికి బంకబంకగా తయారవుతుంది. చింతపండు పులిహోర రాత్రిదాకా ఆగుతుంది. సాంబారన్నం, పెరుగన్నం నాలుగైదు గంటలు దాటితే నమ్మకూడదు. కొబ్బరిపచ్చడి అసలే వద్దు. పొట్లం మీద వండిన టైము పెన్నుతో రాస్తే తినేవాడు తేల్చుకుంటాడు. కట్టిచ్చే కొట్లలో కొన్ని ఇప్పుడు పులిహోర ఆర్డరు కూడా తీసుకుంటున్నాయి. రాత్రి పదింటికి వండి పొద్దున్నే ఎత్తే కొట్టయితే వద్దు. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించేదే కావాలి.

రెండో కారణం ముఖం. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లొవిక్ 2007లో వెలువరించిన ప్రయోగంలో, చేతిలో 5 డాలర్లున్న జనానికి మాలి దేశపు ఏడేళ్ల పిల్ల గురించి చెబితే సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షలమంది ఆకలి లెక్కలు చెబితే 1.14 మాత్రమే. పిల్ల కథకు లెక్కలూ జోడించి చెబితే పెరగాల్సింది పోయి 1.43కి పడింది. అంటే లెక్క తెలిసేకొద్దీ చెయ్యి ముడుచుకుంటుంది. వాట్సాప్‌లో చందా అడిగే సంఘాలకు ఇది పనికొచ్చే సంగతి. "జిల్లాలో ఇన్ని మండలాలు మునిగాయి" అని రాసేకన్నా "ఒక ఇంటికి మూడు రోజులకు సరిపడే కిట్టు ఇంత" అని రాస్తే వసూలు బాగుంటుంది. అయితే దీనికి రెండో కొస ఉంది. కిట్టు అందుకుంటున్న ముసలమ్మ ముఖం ఫొటో తీసి పెట్టాలన్న తపన కూడా ఇక్కడినుంచే పుడుతోంది. సంచి ఫొటో పెట్టండి, రేవు ఫొటో పెట్టండి. చెయ్యి చాపిన మనిషి ముఖం అక్కర్లేదు.

సంచి మీద పేరు, బొమ్మ అచ్చువేసి ఇవ్వడం ఈ కొట్ల అదనపు సేవ. సంచికి అయిదు నుంచి పది రూపాయలు పడుతుంది, ఒక రోజు ఆలస్యం అవుతుంది. వరదలో ఒక రోజంటే ఇంకా మునగని దారి మీద బండి పోయే అవకాశం పోయినట్టే. చాకలిపాలెం–కనకాయలంక కాజ్‌వే లాంటివి అప్పటికే, మొదటి హెచ్చరికకే నీళ్లలో ఉంటాయి, అక్కడ పడవే గతి. పేరు వేయకపోతే చందాలు రావంటారు నిర్వాహకులు. అందులో నిజముంది, పేరు కనబడితే పోటీగా ఇచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. మధ్యేమార్గం: సంచి మీద పేరు లేకుండా పంపి, పేర్లన్నీ ఒక ఫ్లెక్సీ మీద వేసి గట్టున కట్టుకోండి. లేదా ప్రింటింగ్ ప్రెస్సులో చిన్న స్టిక్కర్లు ముందే వేయించి ఉంచుకోండి.

మూడో కారణం మన జిల్లాలకు చాలా అన్యాయం చేసేది. ఏ విపత్తుకు ఎంత సాయం వస్తుందన్నది నష్టపోయినవాళ్ల సంఖ్యను బట్టి కాక చనిపోయినవాళ్ల సంఖ్యను బట్టి ఉంటుందని ఇవాంజెలిడిస్, వాన్ డెన్ బెర్గ్ అనే పరిశోధకులు 2013లో చూపించారు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను కొట్టినప్పుడు దేశమంతా కదిలింది. గోదారి వరద తీరు వేరు. భద్రాచలంలో మట్టం చూస్తే ఇంచుమించు ఒక రోజు ముందే ధవళేశ్వరం సంగతి తెలిసిపోతుంది. మనుషులు గట్టెక్కుతారు, పశువుల్నీ తోలుకొస్తారు. 2022లో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది, 1986 నాటి 75.6 తర్వాత అదే పెద్దది. లంకల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రాణనష్టం తుపాన్లతో పోలిస్తే బాగా తక్కువ కాబట్టి టీవీలో నాలుగో రోజుకే వార్త కిందికి జారింది, కొట్లలో ఆర్డర్లూ జారాయి. దిగువ లంకల్లో అసలు బాధ అప్పుడే ముదురుతుంది. సముద్రం పోటు మీద ఉంటే నదిని లోపలికి తీసుకోదు, ఎగువన తగ్గినా ఇక్కడ నీళ్లు కదలవు.

దీనికి తోడు ఒక మాట ఉంది, చందాకెళ్లిన ప్రతివాళ్లూ విన్నదే: "ఏటా మునుగుతుందని తెలిసీ లంకలో ఎందుకుంటారండి వాళ్లు?" ప్రకృతి చేసిన నష్టానికి ఇచ్చినంతగా మనిషి చేసిన నష్టానికి ఇవ్వరని, బాధితుడిదే తప్పనీ తన కోసం తాను పాటుపడటం లేదనీ అనిపించినప్పుడు చెయ్యి వెనక్కి పోతుందని హానా జాగెఫ్కా బృందం 2011లో రాసింది. లంకవాడి మీద పడేది సరిగ్గా ఆ నింద. అరటి, కూరగాయలు, మిర్చి ఒండ్రునేలలో పండినట్టు ఇంకెక్కడా పండవు, రావులపాలెం అరటి మార్కెట్‌కు గెలలొచ్చేది ఆ పొలాల నుంచే. చాలామంది కౌలురైతులు, సాగుదారు హక్కు కార్డు లేకపోతే పంట నష్టపరిహారం పేరు కౌలుదారుది కాదు, భూమి యజమానిది అవుతుంది. వాళ్లు వరద ముందు పడవలు సిద్ధం చేసుకున్నారని, గేదెల్ని గట్టుకు చేర్చారని, అటక మీద గింజలు ఎత్తి పెట్టుకున్నారని చందా అడిగేటప్పుడు చెప్పండి. తమ కోసం తాము పాటుపడ్డ మనుషులని తెలిస్తే ఇచ్చే చెయ్యి వేరుగా ఉంటుంది.

గేదెలన్నాం కాబట్టి: ఏటిగట్టు మీద కట్టేసిన పెద్ద గేదెకు రోజుకు ఆరేడు కిలోల ఎండుగడ్డి కావాలి. పాడి ఉన్న ఇంటికి బియ్యం కిట్టు కన్నా ముందు కావలసింది అది. కిరాణా కొట్టు గడ్డి అమ్మదు, దాత గడ్డితో ఫొటో దిగడు. మెట్ట మండలాల నుంచి ఒక లారీ గడ్డి, లేదా సైలేజీ (పాతరేసి నిల్వచేసిన పచ్చిమేత) మోపులు తెప్పించి గట్టు మీద దించగల సంఘం ఉంటే ఆ కిట్ల డబ్బులో మూడోవంతు ఇటు మళ్లించడం మంచిది. గడ్డి మీద టార్పాలిన్ కప్పాలి, తడిసి ముక్కిన గడ్డి పెడితే పశువుకు జబ్బు.

పాతబట్టల సంగతి ఒక్క ముక్కలో: వద్దు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి, వాటిని తీసేయడమే ఒక పనైంది. బీరువా ఖాళీ చేసుకోవడం వేరు, ఇవ్వడం వేరు. కొత్త తువ్వాలు, లుంగీ, నైటీ, దుప్పటి కొనివ్వండి.

ఇప్పుడు "పంపిణీతో సహా" అని కొన్ని కొట్లు ఇచ్చే ప్యాకేజీ. ఇది తీసుకోవద్దు. బండి ఎక్కడిదాకా పోతే అక్కడ దించేసి వస్తారు. అంటే గట్టు పక్క మొదటి ఊరికే ప్రతి బండీ. అక్కడ ఒక్కో ఇంటికి నాలుగేసి కిట్లు చేరతాయి, లోపలి పాయ అవతల ఉన్న పేటలకు ఒక్కటీ ఉండదు. ముందు ఆ గ్రామ సచివాలయంలోనో తహసీల్దారు ఆఫీసులోనో అడిగి, ఎవరికి ఇంకా చేరలేదో తెలుసుకోండి. రేషన్ కార్డు వరుసలో జాబితా, ఇంటికో టోకెను, రేవులో టిక్కు పెట్టుకునే మనిషి ఒకడు, ఊరివాడే. ఊరి చివర పేట నుంచి మొదలుపెట్టి ఊళ్లోకి రావాలి, ఊళ్లోంచి పేటకు పోతే సరుకు దారిలోనే అయిపోతుంది. పడవకు లైఫ్ జాకెట్లు, పగటిపూటే ప్రయాణం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదారిలో పడవ మునిగి ఏం జరిగిందో తెలిసిన జిల్లాలు మనవి. దాతలు పడవెక్కకపోవడం ఇంకా మంచిది. ఒక దాత కూర్చున్న చోట ఆరేడు కిట్లు రేవులోనే ఉండిపోతాయి.

నీళ్లు తీశాక కావలసిన కిట్టు ఏ కొట్టూ కట్టదు, ఎవరూ అడగరు కాబట్టి. అడిగి కట్టించండి. కొబ్బరి ఈనెల చీపురు రెండు, పార, తట్ట, రబ్బరు చేతితొడుగులు, బ్లీచింగ్ పౌడరు కిలో, ఫినాయిలు లీటరు, పాత్రలు తోమే పీచు, సబ్బులు. ఇంట్లో అడుగు మందం ఒండ్రు ఎండి గట్టిపడకముందే, తడిగా ఉండగానే లాగెయ్యాలి. ఒకసారి బిగిస్తే గునపం కావాలి. బావి శుద్ధికి బ్లీచింగ్ లెక్క వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, సరుకు కొత్తదైతేనే. బ్లీచింగ్ మూట విప్పినప్పుడు ఘాటు తగలకపోతే అది సున్నంతో సమానం. టార్పాలిన్ కూడా ఈ దశలో కొనాల్సిందే. పల్చటి నీలిరంగు పట్టా ఏటిగాలికి కన్నాల దగ్గర చీరుకుంటుంది. 200 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) తగ్గకుండా, అంచు మడిచి తాడు కుట్టినది, నాలుగు మీటర్లకు ఆరు మీటర్లు ఉంటే ఒక కుటుంబానికి నీడ.

ఈ సేవలో మాకు బాగా నచ్చిన రకం ఒకటుంది, అది ఇంకా కొద్ది చోట్లే ఉంది. కిట్టు బదులు వెయ్యి రూపాయల చీటీ. టోకు కొట్టుతో లెక్క ఉన్న లంకలోని చిన్న కిరాణా కొట్లో, నీళ్లు తీశాక ఆ ఇంటివాళ్లే కావలసింది తీసుకుంటారు. ఒకరికి మందులు, ఒకరికి పిల్లల నోటు పుస్తకాలు. ఆ చిన్న కొట్టు కూడా మునిగే ఉంటుంది, దానికీ బేరం తగులుతుంది. చీటీ మీద వరుస నంబరు, సచివాలయం ముద్ర, నెల రోజుల గడువు, సిగరెట్లకు చెల్లదన్న మాట ఉండాలి. దాతలకు ఇది అంతగా రుచించదు, అరచేతిలో కాగితం ఫొటోకు ఏం బాగుంటుంది?

చివరగా, ఆర్డరు ఇచ్చేటప్పుడే మిగులు సంగతి తేల్చుకోండి. వరద ఒక్క రాత్రిలో తీసేయవచ్చు, సర్కారు బియ్యం ముందే చేరవచ్చు. ముడి విప్పని సంచులు వారంలోగా వెనక్కి తీసుకుంటామని, కూలి మాత్రం మినహాయించుకుంటామని బిల్లు మీదే రాయించండి. రాయనంటే సగం సంచులే కట్టించి, మిగతా సగానికి సరుకు కట్టకుండా పక్కన పెట్టమనండి. కంది, పెసర, నూనె విడిగా ఉంటే కొట్టుకు నష్టం లేదు, మీకూ లేదు.